కౌంట్ గారు పక్క సర్దిన రోజు: పాత హారర్, ఫాంటసీ నవలలు మళ్లీ చదివాక

పాతపేజీ, శనివారం రాత్రి 10:15

పోయిన నెల మోకాలికి దెబ్బ తగిలి పదిహేను రోజులు మంచం దిగలేదు. ఆఫీసు లేదు, వంట లేదు (వంట మా ఆయన చేశారు, అదొక వేరే హారర్). ఆ పదిహేను రోజుల్లో ఇంట్లో ఉన్న పాత హారర్ నవలలన్నీ వరసపెట్టి మళ్లీ చదివాను. చిన్నప్పటి నుంచీ లోపల నలుగుతున్న ఒక అనుమానం ఈసారి గట్టిపడింది. ఇక్కడ పెడుతున్నాను. తిట్టేవాళ్లు నిరభ్యంతరంగా తిట్టొచ్చు.

దెయ్యం వచ్చేశాక నాకు భయం తగ్గిపోతుంది. రాకముందు, ఇంట్లో రోజూ జరిగే పనేదో కాస్త తేడాగా జరుగుతుంది చూడండి, అక్కడ ప్రాణం పోతుంది.

'డ్రాక్యులా' సంగతే చూడండి. బ్రామ్ స్టోకర్ రాసింది, 1897లో వచ్చింది. సినిమాల పుణ్యమా అని మనకి గుర్తుండేది నల్ల కోటు, కోరపళ్లు. నవలలో జోనథన్ హార్కర్ అనే కుర్ర లాయరు ఆస్తి కాగితాల పని మీద కౌంట్ డ్రాక్యులా అనే జమీందారు కోటకి వెళ్తాడు. వేళకి వేడివేడి భోజనం బల్ల మీద ఉంటుంది, పక్క వేసి ఉంటుంది. పనివాళ్లు మాత్రం ఒక్కరూ కనపడరు. పెద్దింటి వ్యవహారం కదా, ఎక్కడో వెనకవైపు ఉంటారులే అని మనమూ అనుకుంటాం. ఒకరోజు హార్కర్ చప్పుడు చెయ్యకుండా తన గదికి వస్తే కౌంట్ గారే స్వయంగా పక్క సర్దుతూ కనిపిస్తాడు. ఇంకాసేపటికి తలుపు బందుల సందులోంచి చూస్తే ఆయనే భోజనాల బల్ల మీద కంచాలు పెడుతుంటాడు. అంటే కోట మొత్తంలో ఇంకో మనిషి లేడు. ఆ రాత్రి కొండదారిలో తనని ఎక్కించుకొచ్చిన బండివాడూ ఈయనేనేమో అని హార్కర్‌కి అప్పుడు వెలుగుతుంది. నెత్తుటిచుక్క లేదు. ఒక ముసలాయన దుప్పటి సర్దాడు, అంతే. నేను పుస్తకం మూసేసి హాల్లో లైటు వెయ్యమని మా ఆయన్ని పిలిచాను.

అలాంటి పుస్తకం నాలుగో అధ్యాయం దాటాక ఏమవుతుంది? కౌంట్ గారు తెర వెనక్కి పోతారు. ఐదారుగురు మంచివాళ్లు ఒక గదిలో చేరి మీటింగులు పెడతారు. హార్కర్ భార్య మీనా రైళ్ల టైములు రాసిపెట్టుకుంటుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మినిట్స్ చదువుతున్నట్టే ఉంటుంది.

షర్లీ జాక్సన్ 1959లో రాసిన 'ద హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్' చివరిదాకా ఆ తప్పు చెయ్యలేదు. చీకట్లో ఎలినార్ పక్కనున్న స్నేహితురాలి చెయ్యి గట్టిగా పట్టుకుని పడుకుంటుంది. గోడ అవతల ఏదో గొణుగుడు. లైటు వెలిగేసరికి స్నేహితురాలు గదిలో అటు పక్క మంచం మీద నిద్రలేస్తూ ఉంటుంది. మరి ఇంతసేపూ పట్టుకున్న చెయ్యెవరిది? ఆవిడ చెప్పదు. పుస్తకం అయిపోయినా చెప్పదు.

ఫాంటసీ విషయంలో నాకు ఓపిక తక్కువ. మొదటి పేజీలో మ్యాపు, చివర వంశవృక్షం, మధ్యలో వెయ్యి పేజీలు. మంత్రానికి ఖర్చు ఉండాలి. వేలు చూపించగానే కొండ పగిలిపోతే ఆ మంత్రగాడికి కష్టమేముంది, నాకు టెన్షన్ ఎందుకుంటుంది? జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ ఫాంటసీ వరసలో మొదటి పుస్తకం 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్' 1996లో వచ్చింది, ఐదోది 2011లో. అప్పుడు ఏడో తరగతి చదువుతున్న మా అబ్బాయి ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాడు. ఆరోదానికి ఇంకా ఎదురుచూస్తున్నాం.


ల్యాబ్‌కోటు, శనివారం రాత్రి 10:52

అక్కా, డ్రాక్యులా మీటింగులు బోరు అన్నారు సరే. మధ్యలో మీనా స్నేహితురాలు లూసీకి రక్తం ఎక్కించే అధ్యాయాలు వదిలేశారేంటి?

నేను బ్లడ్ బ్యాంకులో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. మా దగ్గర ఒక బ్యాగు బయటికి వెళ్లాలంటే ముందు గ్రూపింగ్, తర్వాత క్రాస్‌మ్యాచ్ (ఇచ్చినవాళ్ల రక్తం ఎక్కించుకునేవాళ్లకి సరిపడుతుందా అని కలిపి చూడటం). స్లైడు మీద రక్తంబొట్టు పక్కన యాంటీ-ఏ, యాంటీ-బి చుక్కలు వేసి పుల్లతో కలిపితే, సరిపడని చోట పెరుగు విరిగినట్టు గడ్డలు కడుతుంది. ఆ గడ్డలే మనిషి ఒంట్లో కడితే ఏమవుతుందో ఊహించుకోండి. నవల్లో డాక్టర్ వాన్ హెల్సింగ్ గారు మాత్రం ఆర్థర్‌ది ఎక్కిస్తాడు, సీవార్డ్‌ది ఎక్కిస్తాడు, తనది ఎక్కిస్తాడు, చివరికి క్విన్సీది కూడా. నలుగురి రక్తం, ఏ పరీక్షా లేదు! స్టోకర్‌ని అనడానికీ లేదు. రక్తం గ్రూపుల సంగతి లాండ్‌స్టైనర్ అనే శాస్త్రవేత్త బయటపెట్టింది 1900, 1901 నాటికి. పుస్తకం అంతకు ముందే వచ్చేసింది.

నాకైతే ఆ పుస్తకంలో డ్రాక్యులా కంటే డాక్టరంటేనే భయం.


పాతపేజీ, శనివారం రాత్రి 11:05

ఇక నేను ఆ అధ్యాయాలు మామూలుగా చదవలేను తమ్ముడూ. పాపం తగులుతుంది నీకు.


కొత్తబిచ్చగాడు, ఆదివారం ఉదయం 7:30

అందరికీ నమస్కారం. నేను కొత్త. బీటెక్ మూడో సంవత్సరం. హారర్ సినిమాలు చాలా చూశాను కానీ నవల ఒక్కటీ చదవలేదు. డ్రాక్యులాని సూర్యకాంతితో చంపుతారు కదా, అయినా చదవాలా?


ల్యాబ్‌కోటు, ఆదివారం ఉదయం 8:10

నవలలో అలా లేదు బ్రో. పగటిపూట కూడా హాయిగా తిరుగుతాడు, శక్తులు మాత్రం తగ్గుతాయి. ఎండ తగిలి చావడం 1922లో వచ్చిన 'నోస్ఫెరాటు' మూకీ సినిమా నుంచి వచ్చింది. అది అనుమతి లేకుండా తీసిన సినిమా. స్టోకర్ భార్య కేసు వేస్తే ప్రింట్లన్నీ నాశనం చెయ్యమని కోర్టు చెప్పింది. ఎక్కడో మిగిలిన కాపీలే ఇప్పుడు మనం చూసేవి.

చివర్లో గుండెల్లో మేకు కొట్టడం కూడా ఉండదు. ఇద్దరు రెండు కత్తులతో పని ముగిస్తారు. అందులో ఒకటి మన గూర్ఖాల కుక్రీ!


పాతపేజీ, ఆదివారం ఉదయం 8:25

చివర ఏమవుతుందో చెప్పేశావు. పోనీలే, 1897 నాటి రహస్యం.

బాబూ కొత్తబిచ్చగాడూ, కాపీరైటు ఎప్పుడో అయిపోయిన పుస్తకం, గూటెన్‌బర్గ్ సైట్లో ఉచితంగా దొరుకుతుంది. మొదటి నాలుగు అధ్యాయాలు చదువు. నచ్చకపోతే అక్కడే ఆపెయ్, నేనేమీ అనుకోను.


లాంతరు, ఆదివారం మధ్యాహ్నం 1:40

పాతపేజీ గారూ, మంచిగ రాసిన్రు. ఒక్క మాట అడుగుతాను. తెలుగులో హారర్ అనగానే ఎవరికైనా గుర్తొచ్చే 'తులసిదళం' మీ పోస్టులో ఎందుకు లేదు? మర్చిపోయారా, కావాలని వదిలేశారా?


పాతపేజీ, ఆదివారం మధ్యాహ్నం 2:30

దొరికిపోయాను. కావాలనే వదిలేశాను. చెప్పడం మొదలుపెడితే అదే ఒక వ్యాసం అవుతుందని.

యండమూరి వీరేంద్రనాథ్ ఆ నవలని ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా రాసే రోజుల్లో నాకు అక్షరాలే రావు. ఎనిమిదో తరగతిలో అద్దెపుస్తకాల షాపు నుంచి తెచ్చుకున్నాను. రోజుకి అర్ధరూపాయి. ఖాకీ కాగితం అట్ట, లోపల ఎవరో పెన్సిలుతో "రాత్రి చదవకండి" అని రాసిపెట్టారు. చదివాను. ఎక్కడో దూరాన అడవిలో ఎవరో కూర్చుని ఏదో చేస్తుంటే ఇక్కడ ఊళ్లో, డాబా ఇంట్లో పసిపిల్లకి జబ్బు ముదురుతుంది. ఆ దూరం నన్ను చంపేసింది. అప్పుడు మా చెల్లికి దగ్గు. రాత్రంతా దాని ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను.

రచయితగా ఆయన తెలివి ఎక్కడుందంటే, ఇది చేతబడా, హిప్నాటిజమా అన్న రెండు దారుల్నీ పక్కపక్కనే చివరిదాకా నడిపించాడు. ఏది నమ్మితే ఆ దారిలో కథ తెగుతుంది. హారర్‌లో ఆ పని చాలా కష్టం.


లాంతరు, ఆదివారం సాయంత్రం 6:05

నాకు నచ్చనిది ఖచ్చితంగా ఆ రెండు దారులే.

మాది మెదక్ వైపు. నేను బడిలో సార్‌ని. మా దిక్కు 'బాణామతి' (చేతబడి) అన్న మాట నవల పేజీల్లో ఉండదు, ఇంటి పక్కన ఉంటది. నా చిన్నప్పుడు మా ఊళ్లో ఒక పిల్లకి ఫిట్స్ వస్తే పక్కవాడలో ఒంటరిగా ఉండే ముసలాయన మీద అనుమానం పడ్డది. పది మంది పోయి ఆయన్ని చెట్టుకు కట్టిన్రు. మంత్రం పలకకుండా పళ్లు ఊడగొట్టాలని ఒకడు రాయి తెచ్చిండు. మా నాయన, ఇంకో ఇద్దరు అడ్డం పడి విడిపించిన్రు. ఆయన తర్వాత ఊరే విడిచిపోయిండు. ఆ పిల్లకి మూర్ఛ మందులతో నయమైంది.

'ఏది నమ్మితే అది' అని చదువుకున్న రచయిత రాస్తే, చదివేవాడు తనకు ముందే నమ్మకం ఉన్న దారి పట్టుకుంటడు. రంగనాయకమ్మ గారు 'తులసిదళం కాదు, గంజాయిదమ్ము' అని ఏకంగా పుస్తకమే రాసింది ఊరికే కాదు. డ్రాక్యులా చదివి ఎవరూ పక్కింటాయన్ని రక్తపిశాచి అని కట్టేయరు. ఇక్కడ కట్టేస్తరు. ఆ తేడా మనం మర్చిపోవద్దని నా మనవి.


పాతపేజీ, ఆదివారం రాత్రి 9:20

మాస్టారూ, సాయంత్రం నుంచి రెండుసార్లు జవాబు రాసి తుడిచేశాను.

మీరు చెప్పింది నేను చూడలేదు, మీరు చూశారు. అందుకని వాదించను. నవలగా అది నన్ను పట్టుకున్న తీరు మాత్రం అబద్ధం చెప్పలేను. ఎనిమిదో తరగతి పిల్లగా నేను చేతబడి ఉందనే నమ్మాను, ఇంటర్‌కి వచ్చేదాకా నమ్మాను. ఆ మూడేళ్లలో మా వీధిలో ఎవరైనా ఎవర్నైనా వేలెత్తి చూపించి ఉంటే నేను ఏ పక్కన నిలబడేదాన్నో ఇప్పుడు ఆలోచిస్తుంటే బాగాలేదు.


నిడదవోలు_ప్యాసింజర్, ఆదివారం రాత్రి 9:45

మాస్టారి పోస్టు తర్వాత తేలిక మాట రాయాలంటే మొహమాటంగా ఉంది, అయినా అద్దెపుస్తకాలంటే ఒకటి చెప్పాలి.

నేను డిగ్రీలో ఉండగా అద్దెకి ఒక నవల తెచ్చాను. అట్ట లేదు, మొదటి పేజీ లేదు, పేరు తెలీదు, రాసినవాళ్లు తెలీదు. కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి. పెరట్లో నుయ్యి. రోజూ తెల్లవారుజామున మూడింటికి గిలక తిరుగుతున్న చప్పుడు. అత్తగారు లేచి నీళ్లు తోడుతున్నారనుకుంటుంది. ఒకరోజు చప్పుడు వినిపిస్తుండగా పక్కకి తిరిగి చూస్తే అత్తగారు అక్కడే పడుకుని, కళ్లు తెరిచి, ఆ చప్పుడే వింటోంది. నేను రైల్లో సైడు బెర్తు మీద చదువుతున్నాను, ఒళ్లు జలదరించింది. సరే, చివరికి వచ్చేసరికి ఆఖరి ఫారం మొత్తం ఊడిపోయింది. పదహారు పేజీలు గాయబ్. షాపువాడిని అడిగితే "అదెప్పుడో పోయింది, అందుకే పావలా తగ్గించా కదా" అన్నాడు.

ముప్ఫై ఏళ్లయింది. చివర తెలిసిన హారర్ నవలలన్నీ మర్చిపోయాను. ఇదొక్కటే మర్చిపోలేదు.


పాతపేజీ, ఆదివారం రాత్రి 9:58

అత్తగారు కళ్లు తెరిచి వింటోందా! అయ్య బాబోయ్. నేను ఇంత పొడుగ్గా రాసిందంతా మీరు ఒక్క నూతి గిలకలో చెప్పేశారు.


బోస్టన్‌బాబాయ్, సోమవారం ఉదయం 6:15

ఇక్కడ ఇంకా ఆదివారమే. స్టీఫెన్ కింగ్ పేరు ఒక్కరూ ఎత్తలేదు, అందుకని వచ్చాను.

మా ఇంటి నుంచి ఆయన ఇల్లున్న బ్యాంగర్ ఊరు నాలుగు గంటల డ్రైవు. రెండేళ్ల కింద వెళ్లి ఆయన ఇల్లు రోడ్డు మీద నుంచే చూసొచ్చాను. ఎర్ర రంగు పాత ఇల్లు, ఇనుప గేటు మీద గబ్బిలాలు, సాలెగూళ్లు. మా ఆవిడ "ఇంత డబ్బుండి గేటుకి లక్ష్మీదేవిని పెట్టించుకోవచ్చుగా" అంది.

నా ఓటు 1983లో వచ్చిన 'పెట్ సెమెటరీ'కి. పేరులో స్పెల్లింగ్ తప్పు ఉంటుంది, పిల్లలు రాసిన బోర్డు కాబట్టి. కింగ్ ఒక ఏడాది యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి ఆరింగ్టన్ అనే ఊళ్లో ఇల్లు అద్దెకి తీసుకున్నాడు. ఇంటి ముందు లారీలు దడదడలాడుతూ పోయే రోడ్డు. వెనక తోటలో, చచ్చిపోయిన కుక్కల్నీ పిల్లుల్నీ పిల్లలు పాతిపెట్టుకున్న చిన్న శ్మశానం. ఆయన కూతురి పిల్లి ఆ రోడ్డు మీదే పోయింది. చిన్న కొడుకు కూడా ఒకసారి రోడ్డు వైపు పరిగెత్తాడు, ఆఖరి క్షణంలో ఆగాడు. ఆగకపోతే? నవలంతా ఆ ఒక్క 'ఆగకపోతే' మీద నడుస్తుంది. రాసేశాక ఆయనకే నచ్చక సొరుగులో పడేశాడు. పాత పబ్లిషరుతో లెక్క తేల్చుకోవాల్సి వచ్చి బయటికి తీశాడు.

పాతపేజీ గారి లెక్క ప్రకారం చూస్తే, ఇందులో చచ్చినవాళ్లు తిరిగొచ్చే చివరి భాగం మామూలు హారరే. తండ్రి గడ్డపార, టార్చిలైటు పట్టుకుని, శ్మశానం గోడ ఎలా దూకాలి, చచ్చిపోయిన కొడుకుని తవ్వి తీసి మోసుకెళ్లడం ఎలా అని ప్లాన్ వేసుకునే భాగం ఉంది చూడండి. చేసేది తప్పని ఆయనకి తెలుసు, మనకీ తెలుసు. అయినా నేను లోపల "వెళ్లు, వెళ్లు" అంటున్నాను. అప్పటికి మా బాబుకి మూడేళ్లు. పెళ్లికి ముందు ఇదే పుస్తకం చదివి నవ్వుకున్నవాణ్ణి.


పాతపేజీ, సోమవారం ఉదయం 9:10

బాబాయ్ గారూ, గడ్డపార మాట నిజం. నేను ఆ పుస్తకం ఒక్కసారే చదివాను, రెండోసారి తెరవను. మంచం మీదున్న పదిహేను రోజుల్లో కూడా దాన్ని అలమరాలోంచి తియ్యలేదు.


అమ్మాజీ, సోమవారం మధ్యాహ్నం 3:20

అందరూ హారర్‌ని భుజాన వేసుకుని ఫాంటసీని గుమ్మంలోనే వదిలేశారు. పాతపేజీ, నీకు మ్యాపులున్న పుస్తకాలు నచ్చకపోతే చందమామ చదవలేదా తల్లీ?

నాకు డెబ్బై రెండు. 'తోకచుక్క' మొదలైంది 1954లో. 'ముగ్గురు మాంత్రికులు', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం'... మా ఇంట్లో పుస్తకం రాగానే ముందు ఎవరు చదవాలని అన్నయ్యకీ నాకూ యుద్ధం. రచయిత పేరు వేసేవారు కాదు. రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారని నాకు తెలిసేసరికి పిల్లల పెళ్లిళ్లు కూడా అయిపోయాయి. 2010లో పోయారాయన. చిత్ర గారి బొమ్మల్లో ఆ కత్తులు, ఆ ఏనుగులు, శూలాలు పట్టుకున్న ఆటవికులు, అవే మాకు మ్యాపు.

నువ్వు అడిగిన 'ఖర్చు' అందులో ఉంది. ఆయన కథల్లో వీరులు మంత్రంతో గెలవరు. నడవాలి, ఆకలెయ్యాలి, అడవిలో దారి తప్పాలి, తెలివి వాడాలి. మంత్రగాళ్లకే మంత్రాలు ఎదురు తిరుగుతాయి.

ఇంకో మాట. అర్ధరాత్రి శ్మశానం, చెట్టుకి వేలాడే శవం, దాన్ని భుజాన వేసుకుని నడిచే మనిషి, శవంలోంచి మాటలు. చెప్పింది విని ఇది పిల్లల పత్రిక అంటే ఎవరైనా నమ్ముతారా? మేం అన్నం తింటూ చదివాం. ఒక్కరం భయపడలేదు. భేతాళుడు చివర్లో ఒక న్యాయం అడుగుతాడు కదా. దానికి జవాబు వెతుక్కునే గోలలో శవం సంగతి ఎవరికి గుర్తుంటుంది! ఆ భేతాళుడి చట్రం సోమదేవుడి కథాసరిత్సాగరంలోది, పదకొండో శతాబ్దం కాశ్మీరు. దానికి మూలం గుణాఢ్యుడి బృహత్కథ అంటారు. ఆయన శాతవాహన రాజు కొలువులో ఉండేవాడట. పైశాచీ భాషలో నెత్తుటితో రాస్తే రాజు చీదరించుకున్నాడట, అప్పుడు గుణాఢ్యుడు అడవిలో మంట వేసి ఒక్కో ఆకూ జంతువులకి చదివి వినిపించి కాల్చేశాడట. ఇంతకన్నా ఫాంటసీ ఎవరు రాస్తారు?


పాతపేజీ, సోమవారం సాయంత్రం 5:00

పిన్నిగారూ, దండం. ఫాంటసీ మీద అన్న మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం మార్టిన్ గారు ఆరో పుస్తకం ఇచ్చాక.

విశ్వనాథ వారి 'హాహాహూహూ' కూడా ఇప్పుడు గుర్తొచ్చింది. గుర్రం తలకాయ ఉన్న గంధర్వుడు లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. తెల్లదొరలు వచ్చి చుట్టూ మూగి ఇదేం జంతువు అని తలలు పట్టుకుంటారు. ఎప్పుడూ వాళ్లు మనల్ని చూసి ఆశ్చర్యపడి పుస్తకాలు రాస్తే, ఈయన తిరగేశాడు. మ్యాపు లేదు, వంశవృక్షం లేదు, చిన్న పుస్తకం. దాని గురించి ఎవరూ మాట్లాడరెందుకో.


లాంతరు, సోమవారం రాత్రి 8:15

అమ్మాజీ గారూ, మా పిల్లలకి రేపు లైబ్రరీ పీరియడ్‌లో భేతాళ కథ చదివిస్తాను. న్యాయం వాళ్లనే చెప్పమంటాను.

పాతపేజీ గారూ, నేను హారర్ వద్దనలేదు. మీరు చెప్పిన హిల్ హౌస్ పుస్తకం ఆర్డర్ పెట్టిన. అందులో ఎవర్నీ చెట్టుకు కట్టరు కదా?


పాతపేజీ, సోమవారం రాత్రి 8:22

కట్టరు మాస్టారూ. ఒక ఒంటరి అమ్మాయి, ఒక ఇల్లు. అంతే. నాకైతే చివర్లో ఇల్లు కంటే ఆ అమ్మాయి ఒంటరితనమే ఎక్కువ బాధ పెట్టింది. చదివి చెప్పండి.


ల్యాబ్‌కోటు, సోమవారం రాత్రి 11:30

నిడదవోలు గారూ, మీ నూతి నవల మా అమ్మకి చెప్పాను. తను చదివిందట! పేరు గుర్తులేదు కానీ చివర ఏమవుతుందో మొత్తం చెప్పింది. రాయమంటారా?


నిడదవోలు_ప్యాసింజర్, సోమవారం రాత్రి 11:34

వద్దు బాబూ. అమ్మగారికి నమస్కారాలు చెప్పు.


కొత్తబిచ్చగాడు, మంగళవారం రాత్రి 1:50

అక్కా, నాలుగు అధ్యాయాల దగ్గర ఆపలేదు. ఓడ కెప్టెన్ డైరీ దాకా వచ్చాను. ఒక్కొక్కడే మాయమైపోతున్నాడు, కెప్టెన్ చక్రానికి చేతులు కట్టేసుకున్నాడు. హాస్టల్లో నా రూమ్మేట్ ఊరెళ్లాడు. ఇందాక అతని మంచం మీద దుప్పటి నలిగి ఉండేది, ఇప్పుడు చూస్తే సర్ది ఉంది. నేనే సర్దానేమో గుర్తురావడం లేదు.


పాతపేజీ, మంగళవారం ఉదయం 6:05

ఏడో అధ్యాయం అన్నమాట. మిగతాది పగలు చదువు నాన్నా. మీటింగులు మొదలవుతాయి, నిద్ర అదే వస్తుంది.